కుట్లు చూస్తాం, నొప్పి అడగం

మా పెదనాన్నకీ నాకూ పడని విషయాలు చాలానే ఉన్నాయి. ఏ పండక్కి కలిసినా మళ్ళీ మొదటికొచ్చేది మాత్రం ఒకటే: ఆపరేషన్ అయిన కుక్కకి నొప్పి మందు ఇవ్వాలా, ఇస్తే ఎన్నాళ్ళివ్వాలి? ఆయన కృష్ణా జిల్లాలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన డాక్టరు. అడ్డం తిరిగిన దూడల్ని లాగడం, ఎద్దుల కొమ్ము కేన్సర్లు కోయడం, పొదుగు వాపులు, అర్ధరాత్రి కబురొస్తే చేలగట్ల మీద పడి పోవడం, ఇదీ ఆయన సర్వీసు. నేను పశువైద్యం చదివినదాన్ని కాను. ఇంట్లో ఒక నాటు కుక్క, ఒక పిల్లి ఉన్నాయి. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. చేయించే ముందూ తర్వాతా చేతికందిందల్లా చదివాను. నా అర్హత అంతే.

“కాస్త నొప్పి ఉండనీవే అమ్మాయ్. నొప్పి ఉంటేనే అది ఒకచోట పడుంటుంది. అది కూడా తీసేశావనుకో, సోఫా ఎక్కి దూకి కుట్లు తెంపుకుంటుంది” అంటారు పెదనాన్న.

ఇది ఆయనొక్కరి మొండితనం అనుకోకండి. పశువైద్యం దేశాలవారీ తేడా లేకుండా చాలాకాలం ఇదే నమ్మింది. ఆ తరం డాక్టర్లు చదువుకున్న రోజుల్లో కుక్కకి మత్తివ్వడం నేర్పారు గానీ, మత్తు దిగాక దాని సంగతేమిటన్నది పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ మన ఊళ్ళలో మంచి చిన్న జంతువుల డాక్టర్లు చాలామందే ఉన్నారు, వాళ్ళకి ఈ విషయం నాకంటే వందరెట్లు తెలుసు. అయినా దారం లేకుండా కుట్లు వేయని చోట, నొప్పి మందు సరిగా లేకుండా కోయడం మాత్రం ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది. అలా చెల్లుతున్నందుకు సగం బాధ్యత జంతువుల్ని పెంచుకునే మనదేనని నా వాదన. మనం అడగం. ఎంతవుతుంది, సాయంత్రానికి తీసుకుపోవచ్చా, కుట్లు ఎప్పుడు తీస్తారు, ఇంతే మన ప్రశ్నలు. ఫీజు తగ్గించమని బేరం కూడా ఆడతాం. తగ్గించిన ఆ డబ్బు ఎక్కడి నుంచి పోతుందో ఆలోచించం. కత్తీ దారమూ తగ్గవు కదా. రక్తపరీక్ష పోతుంది, మత్తు దిగేదాకా పక్కన కూర్చునే మనిషి పోతాడు, నొప్పి ఇంజెక్షన్ పోతుంది.

పెదనాన్నని నేను ఇరుకున పెట్టగలిగింది ఆయన సొంత వృత్తిలోంచి తీసిన ప్రశ్నతోనే. ఈనలేకపోతున్న ఆవుకి సిజేరియన్ చేసేటప్పుడు డొక్కలో లిగ్నోకైన్, అదే కోసేచోటుని మొద్దుబార్చే మందు, ఎందుకు వేసేవారు పెదనాన్నా, అన్నాను. ఆవుని చాలాసార్లు నిలబెట్టే కోస్తారు, ఎడమ డొక్కలో. చివరి పక్కటెముక వెంబడి కిందికీ, వెన్ను కింద అడ్డంగానూ వరసగా సూదులు వేసుకుంటూ పోతారు, తలకిందులుగా తిప్పిన ‘ఎల్’ అక్షరంలా. ఆ మూలలో ఉన్న చర్మం, కండ అంతా మొద్దుబారిపోతుంది. ఆవు నెమరేస్తూ నిలబడి ఉంటే ఇక్కడ దూడని బయటికి తీస్తారు. ఎంత చక్కటి పద్ధతి!

“వెయ్యకపోతే తంతుంది కదే!” అన్నారాయన.

నేనూ అదే అంటున్నాను. ఆవు తన్నగలదు కాబట్టి దానికి నొప్పి తెలియకుండా చేశారు. కుక్కని జైలజైన్, కెటమైన్ అనే మత్తు మందులతో పడుకోబెడితే తన్నలేదు, కాబట్టి ఆ సూది అవసరం రాలేదు. నొప్పి నివారణ ఎవరి కోసం మొదలైందో ఇక్కడే కనిపిస్తోంది. ఆ రెండు మందులకీ నొప్పి తగ్గించే గుణం కొంత ఉందన్నమాట నిజమే, కాకపోతే అది ఎక్కువసేపు నిలవదు. అసలు బాధ మొదలయ్యేది జంతువు లేచి, డాక్టరు చేతులు కడుక్కుని, మనం ఆటో మాట్లాడుకున్న తర్వాత.

ఇంకోమాట కూడా అంటారు జనం. వీధికుక్కలకి మున్సిపాలిటీవాళ్ళు ఆపరేషన్ చేసి చెవి కొస కత్తిరించి వదిలేస్తే అవి మర్నాటికే తిరుగుతున్నాయి కదా, ఇంట్లో కుక్కకి ఎందుకీ గారాబం అని. తిరగకపోతే దానికి తిండెవరు పెడతారు? బలహీనంగా కనిపించిన కుక్కని పక్కవీధి కుక్కలు బతకనిస్తాయా? నొప్పిని దాచుకోవడం వాటికి బతుకుతెరువు. మనిషిని చూస్తే తోకాడిస్తుంది, కుట్లు తాజాగా ఉన్నా సరే. దాన్ని చూసి మనం ‘అబ్బే, ఏం లేదండీ, హుషారుగానే ఉంది’ అంటాం.

పిల్లి ఇంకా ఘటికురాలు. నొప్పెట్టిన పిల్లి గుర్రుమని శబ్దం కూడా చేస్తుంది, సుఖంగా ఉన్నప్పుడు చేసినట్టే. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పి అంచనా వేసే పద్ధతి ఒకటి ప్రచురించారు. చూడాల్సినవి ఐదు: చెవులు, కళ్ళు, మూతి, మీసాలు, తల. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు మార్కులు, మొత్తం పది. నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మందు కావాలని లెక్క. మా చిట్టికి ఆపరేషన్ అయిన రోజు రాత్రి ఆ కాగితం పక్కన పెట్టుకుని దాని ముఖం చూశాను. అది బట్టల బీరువా కింది అరలో, దుప్పట్ల వెనక కూర్చుంది. పడుకోలేదు, కూర్చుంది, నాలుగు కాళ్ళూ పొట్ట కిందికి ముడుచుకుని, పొట్ట నేలకి ఆనకుండా. చెవులు రెండూ దూరం జరిగి పక్కలకి తిరిగాయి. కళ్ళు సగం మూసి ఉన్నాయి, నిద్రమత్తులా కాదు, ఎండలోకి చూస్తున్నట్టు చిట్లించి. మూతి గుండ్రంగా ఉండేది కాస్తా నొక్కేసినట్టు సాగింది. మీసాలు మామూలుగా వదులుగా వంగి ఉంటాయి, ఆ రాత్రి బిరుసుగా ముందుకి నిలబడ్డాయి. తల భుజాల కంటే కిందికి వాలింది. మీరైతే ‘పాపం, మత్తు దిగలేదు’ అనుకునేవారు. ఆ కాగితం లేకపోతే నేనూ అదే అనుకుందును. డాక్టరుగారికి ఫొటో పంపితే ఉదయమే రమ్మని, పిల్లులకి వాడదగిన ఇంజెక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి చిట్టి బీరువాలోంచి బయటికొచ్చి గిన్నె దగ్గర కూర్చుంది.

ఆ గిన్నె దగ్గర కూర్చోవడం చిన్న విషయం కాదు. నొప్పితో ఉన్న జంతువు తినదు. కుక్క ఒకపూట మానేస్తే పెద్ద ప్రమాదం లేదు గానీ పిల్లి, అందులోనూ ఒళ్ళు చేసిన పిల్లి, రెండు మూడు రోజులు వరసగా తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయంలోకి చేరి కాలేయమే దెబ్బతింటుంది. ఆపరేషన్ బాగా చేసి, కుట్లు బాగా వేసి, చివరికి ఆకలి మందగించి పిల్లిని పోగొట్టుకోవడం అంటే ఏమనాలి? నొప్పి నిద్రని చెడగొడుతుంది, గాయం మానడాన్ని నెమ్మది చేస్తుంది. పైగా నొప్పి ఉన్నచోటే జంతువు నాకుతుంది. కుక్క నాలుకలో మందుందని మనవాళ్ళ నమ్మకం. మందు సంగతేమో గానీ బాక్టీరియా మాత్రం దండిగా ఉంటుంది. కుట్లని ముందుపళ్ళతో ఒక్కొక్కటే పీకేసుకున్న కుక్కలున్నాయి, తెల్లారేసరికి పేగులు బయటపడ్డవి కూడా. నొప్పి వల్ల కుట్లు నిలుస్తాయన్న పెదనాన్న సూత్రం ఇక్కడే తిరగబడుతుంది.

మత్తు దిగే వేళ గురించి ఒక లెక్క చెప్పాలి. బ్రిటన్‌లో 117 క్లినిక్కుల్లో లక్షకి దగ్గరగా కుక్కల్ని, ఎనభై వేల దాకా పిల్లుల్ని గమనించి 2008లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. మత్తు వల్ల చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం. ఆ చావుల్లో కుక్కల్లో సుమారు సగం, పిల్లుల్లో సుమారు 60 శాతం ఆపరేషన్ అయిపోయాకే జరిగాయి, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లో. అంటే బల్ల మీద కోస్తున్నప్పటికంటే, ‘అయిపోయిందండీ’ అన్న తర్వాతి సమయంలో కాపలా ఎక్కువ కావాలి. మనమేమో అయిపోయిందనగానే తొందరపడతాం, ట్రాఫిక్ పెరగకముందే ఇల్లు చేరాలని.

ఆ మూడు గంటల్లో ఏం చూడాలో ఎవరైనా నేర్చుకోవచ్చు. పైపెదవి ఎత్తి చిగురుని వేలితో నొక్కితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్ళీ గులాబీ రంగుకి రావాలి. రాకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా కేకెయ్యాలి. ఒళ్ళు చల్లబడకూడదు. పొట్ట మీద వెంట్రుకలు గొరిగేసి, స్పిరిట్‌తో తడిపి, ఏసీ గదిలో స్టీలు బల్ల మీద అంతసేపు పడుకోబెట్టిన రెండు కిలోల పిల్లిలో వేడి ఏం మిగులుతుంది చెప్పండి? గోరువెచ్చటి నీళ్ళ సీసాలు తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాలి, నేరుగా తగిలించకూడదు, మత్తులో ఉన్నది కాలినా చెప్పలేదు. కెటమైన్ ఇస్తే కళ్ళు తెరుచుకునే ఉంటాయి, రెప్ప పడదు, ఆరిపోకుండా ఆయింట్‌మెంటు పెట్టారో లేదో అడగాలి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలైతే గొంతులో గొట్టం తీశాక కూడా బాగా తెలివి వచ్చేదాకా పక్కనుంచి కదలకూడదు. మా కుక్కకి చేయించిన చోట డాక్టరుగారు తనంతట తానే సాయంత్రం దాకా ఉంచి పంపారు. ‘ఇంకా ఎంతసేపండీ’ అని గొడవపడుతున్నది పక్క బెంచీ మీదివాళ్ళే.

మందుల దగ్గర డాక్టర్ల ఇబ్బంది కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. గట్టి నొప్పి మందులు చాలావరకు మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నాయి. ట్రమడాల్‌ని 2018లో ఆ చట్టం కిందికి తెచ్చారు. చిన్న ఊరి డాక్టరుకి మార్ఫిన్ తెప్పించుకోవడమంటే మందు కంటే రిజిస్టర్ల పని ఎక్కువ. కానీ ఆవు డొక్కలో వేసిన లిగ్నోకైన్‌కి ఈ బాధ లేదు. మగ కుక్కకి వృషణాలు తీసేముందు ఒక్కోదానిలో కొంచెం లిగ్నోకైన్ ఎక్కిస్తే మత్తు మందే తక్కువ పడుతుంది. ఆడదానికి కోయబోయే గీత వెంట వేయొచ్చు. అలాంటిదే ఇంకో మందు, బుపివకైన్ అయితే ఇంకొన్ని గంటలు ఎక్కువ పనిచేస్తుంది. బరువుని బట్టి మోతాదు దాటకూడదు, ముఖ్యంగా పిల్లుల్లో. ఆ లెక్క డాక్టరుది. ఇక ఖరీదంటారా, లిగ్నోకైన్ వయల్ ధరకి హోటల్లో ఇద్దరం కడుపునిండా టిఫిన్ చేయలేం. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం నొప్పి నివారణ మీద 2014లో ఇచ్చి 2022లో సవరించిన మార్గదర్శకాల్లో, గట్టి మందులు దొరకని దేశాల్లో ఏం వాడాలో కూడా విడిగా చెప్పారు. ‘మన దగ్గర కుదరదండీ’ అనడానికి ఇక అంత చోటు లేదు.

ఇదంతా చదివి ఎవరైనా ఇంట్లో ఉన్న బిళ్ళ విరిచి పెట్టేస్తారేమోనని నాకు భయం. దయచేసి వద్దు. పిల్లికి పారాసెటమాల్ విషం. మన కాలేయం ఆ మందుని ఏ దారిన బయటికి పంపుతుందో, ఆ దారి పిల్లికి దాదాపు మూసుకుపోయి ఉంటుంది. విరిగి మిగిలిన పదార్థం ఎర్ర రక్తకణాల మీద పడుతుంది, రక్తం ఆక్సిజన్ మోయలేదు, చిగుళ్ళు గోధుమ రంగుకి తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ళ చాలు చంపడానికి. కుక్కకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ పెడితే కడుపులో పుండ్లు పడి రక్తపు వాంతులు, తర్వాత కిడ్నీలు. డైక్లోఫెనాక్ అంటే గుర్తొచ్చింది: పశువులకి ఇచ్చిన ఆ మందు కళేబరాల ద్వారా రాబందుల్లోకి వెళ్ళి, వాటి కిడ్నీలు పాడై, మన దేశంలో రాబందులు 95 శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయాకే 2006లో పశువుల వాడకానికి నిషేధించారు. దాని బదులు రాబందులకి హాని చేయదని తేల్చిన మెలాక్సికామ్‌నే ఇప్పుడు కుక్కలకి ఆపరేషన్ తర్వాత ఎక్కువగా రాస్తున్నారు. అది కూడా మనుషుల బిళ్ళ కొని మనం ముక్క చేసేది కాదు. నీళ్ళు తక్కువైన ఒంట్లో, కిడ్నీ బాగోలేని ఒంట్లో అదీ కీడే చేస్తుంది.

అందుకే ముందుగా రక్తపరీక్ష. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఒకటి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు ఒకటి. మన వాతావరణంలో పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి, వాటితో టిక్ ఫీవర్. కుక్క పైకి బాగానే ఉంటుంది, లోపల ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి, కోశాక రక్తం ఆగదు. ఈ పరీక్షని ‘డబ్బుల కోసం రాశారు’ అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చాక పని మనదే. కుట్లు నాకకుండా మెడకి కోను పెట్టాలి, పది పద్నాలుగు రోజులకి కుట్లు తీసేదాకా ఉంచాలి, ‘జాలేసింది’ అని తీసేయకూడదు. బజార్లో సరిపడేది దొరక్కపోతే పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి, అంచుకి గుడ్డ కుట్టి చేసుకుంటారు మావైపు, మా కుక్కకీ అదే. పక్కటెముకల ఫిల్ములోంచి అది బయటికి చూస్తుంటే నవ్వాగలేదనుకోండి. రోజూ ఉదయం ఒకే కోణంలో కుట్ల ఫొటో తీసుకుంటే ఎరుపు పెరుగుతోందో తగ్గుతోందో వాదన లేకుండా తెలుస్తుంది. ముక్కు దగ్గరగా పెట్టి వాసన కూడా చూడాలి. చీము వాసన కంటికంటే ముందు ముక్కుకే దొరుకుతుంది. పసుపూ నూనే పూయొద్దు, స్నానం వద్దు, ఈగ వాలనీయొద్దు. మన ఊళ్ళలో తడి గాయానికి పురుగు పట్టడానికి ఎంతోసేపు పట్టదు.

ఆపరేషన్ అంటేనే వద్దనేవాళ్ళకి పక్కింటి పిన్నిగారి జూలీ సంగతి చెప్తాను. ల్యాబ్రడార్, ముసలిది, ఎప్పుడూ ఈననిది. ‘దాని ఒంటి మీద కత్తి పడకూడదు’ అని పిన్నిగారి పట్టు. ఎదకొచ్చి వెళ్ళిన కొన్ని వారాలకి జూలీ బకెట్లు బకెట్లు నీళ్ళు తాగడం, తిండి ముట్టకపోవడం, వాంతులు. గర్భసంచిలో చీము. ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో వయసు మీరాక ఇది మామూలే. మూతి మూసుకుపోయిన రకమైతే బయటికి చుక్క కూడా కనిపించదు, లోపల సంచి చీముతో ఉబ్బిపోతుంది. చిన్న వయసులో ఆరోగ్యంగా ఉన్నప్పుడు తీయాల్సిన అదే సంచిని, జ్వరంతో, విషం ఎక్కిన రక్తంతో, నీరసించిన కిడ్నీలతో తీయాల్సి వచ్చింది. జూలీ బతికింది. ఏ వయసులో చేయించాలన్నదాంట్లో మాత్రం తేడాలున్నాయి. పెద్దజాతి కుక్కలకి మరీ పసితనంలో చేస్తే కీళ్ళ జబ్బులు పెరగొచ్చని పరిశోధనలున్నాయి, కాబట్టి అది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాల్సిన మాట.

మళ్ళీ పెదనాన్న దగ్గరికొస్తాను, ఎందుకంటే ఒకచోట ఆయన వాదనకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కాలు విరిగి ప్లేటు వేసిన కుక్క. ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుంది, నొప్పి మాత్రం మందుతో ముందే తగ్గిపోతుంది. తగ్గగానే అది గేటు దూకుతుంది, స్క్రూలు ఊడతాయి. నొప్పి బదులు బోను ఉండాలి, ఉచ్చ పోసుకోవడానికే గొలుసుతో బయటికి తీసుకెళ్ళాలి, మరీ అల్లరిదైతే శాంతపరిచే మందులు ఉన్నాయి, డాక్టర్లు రాస్తారు, అని నేనంటాను. పుస్తకం ప్రకారం అది సరైన జవాబే. ఆయన నవ్వుతారు. రెండు గదుల ఇంట్లో, ఇద్దరూ ఉద్యోగాలకి పోయే సంసారంలో, ముప్ఫై కిలోల కుక్కని ఎక్కడ కట్టేస్తావు, అంటారు. మంచానికి కడితే మంచాన్ని లాక్కుపోయిన వాటిని తను చూశానంటారు. అలాంటి కేసుల్లో ముందు ఇంట్లో చోటుందా, పగలు మనిషి ఉంటాడా అని అడిగి, లేకపోతే ఆ వారాలు క్లినిక్కులోనే ఉంచుకునే ఏర్పాటు ఉండాలంటాను నేను. మన ఊళ్ళలో అలా ఉంచుకునే చోట్లు చాలా తక్కువ, ఉన్నచోట రోజు కిరాయి భరించడమూ కష్టమే.

“ముందు నీ నాటు కుక్కని ఆరు వారాలు కట్టేసి చూపించు, అప్పుడు మాట్లాడదాం” అన్నారు మొన్న. దాన్ని ఆరు గంటలు కట్టేయడం కూడా నా వల్ల కాదని ఆయనకి తెలుసు.